ఫెరెట్‌కి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే

ఫెరెట్‌లు (ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే చిన్న మాంసాహార పెంపుడు జంతువులు) పెంచుకునేవాళ్ళ కోసం ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళకి వినబడుతోందా? ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేనేమీ కరవను. కరిచేవాటి గురించే మాట్లాడతాను, అంతే.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఫెరెట్ కేజ్‌లో అది పడుకునే ఊయల్లోంచి కింద పడింది. కాళ్ళు బిగుసుకుపోయాయి, తల వెనక్కి విరుచుకుంది, ఒళ్ళంతా కొట్టుకుంటోంది, నోట్లోంచి చొంగ కారుతోంది. మీరు మొదట ఏం చేస్తారు? చెప్పండి, పర్లేదు, ఇది పరీక్ష కాదు. ఎత్తుకుంటారు. సరే. మొహం మీద నీళ్ళు చల్లుతారు. సరే. నోట్లో తేనె పోస్తారు. డాక్టర్‌కి ఫోన్ చేస్తారు. ఇంకా? ఏడుస్తారు. నిజమే, అదీ చేస్తారు.

ఇందులో మొదటి మూడూ వద్దు. ఎత్తుకోవద్దు, నీళ్ళు చల్లొద్దు, నోట్లో ఏదీ పోయొద్దు. తేనె అన్నావిడకి సగం మార్కులు ఇస్తాను, ఎందుకంటే తేనె సంగతి మళ్ళీ వస్తుంది. కానీ పోయడం వేరు, రాయడం వేరు. ఫోన్ చేయాల్సిందే, ఒక నిమిషం ఆగి. ఏడవడం అంతా అయ్యాక తీరిగ్గా.

ముందు ఫిట్స్ అంటే ఎలా ఉంటుందో చూద్దాం. ఎందుకంటే మొదటిసారి చూసినవాళ్ళలో చాలామంది అది చచ్చిపోతోందనే అనుకుంటారు. ఫెరెట్ పక్కకి పడిపోతుంది. ఒళ్ళు కర్రలా బిగుస్తుంది, లేకపోతే నాలుగు కాళ్ళూ ఈత కొడుతున్నట్టు ఆడిస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మిమ్మల్ని చూడవు. కొన్ని గట్టిగా అరుస్తాయి. ఆ అరుపు విన్నవాళ్ళు మర్చిపోలేరు. ఒంటికీ రెంటికీ అక్కడే పోతాయి. ఇదంతా భయంకరంగానే ఉంటుంది. కానీ ఆ సమయంలో దానికి స్పృహ ఉండదు. ఆ అరుపు నొప్పితో వచ్చేది కాదు, కండరాలు బిగుసుకుని ఊపిరి బయటికి తోసుకొచ్చే శబ్దం. చూస్తున్న మీకున్నంత బాధ ఆ క్షణంలో దానికి లేదు. ఈ మాట గుర్తుంటే చేతులు కాస్త తక్కువగా వణుకుతాయి.

ఇప్పుడు మొదటి నిమిషం. గడియారం చూడండి. అన్నిటికన్నా ముందు గడియారం. ఎందుకంటారా? టెన్షన్‌లో ముప్ఫై సెకన్లు కూడా పది నిమిషాల్లా అనిపిస్తాయి. "ఎంతసేపు వచ్చిందమ్మా?" అని నేను అడిగితే "చాలాసేపు డాక్టర్" అంటారు. చాలాసేపు అంటే నాకేం తెలుస్తుంది? ఒక నిమిషమా, ఆరు నిమిషాలా? ఆ రెండిటికీ వైద్యం ఒకటి కాదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి స్పృహ రాకముందే ఇంకోటి మొదలైనా అది అత్యవసరం. అప్పుడు ఇంట్లో చేసేది ఏమీ లేదు, వెంటనే బయల్దేరాలి. పక్కన ఇంకొకరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. సిగ్గుపడొద్దు, "దీన్ని వీడియో తీయడమేంటి" అనుకోవద్దు. మీరు మాటల్లో చెప్పలేనిది ఆ వీడియోలో నాకు కనబడుతుంది.

తరవాత చోటు. ఎత్తులో ఉంటే కింద పడకుండా చూసి, అది పడుకున్న గుడ్డతో సహా మెల్లగా నేల మీదికి దించండి. నేల మీదే ఉంటే అక్కడే వదిలేయండి. చుట్టూ గట్టి వస్తువులు జరిపేయండి, కేజ్ కమ్ముల వైపు ఒక తువ్వాలు మడిచి పెట్టండి. లైటు తగ్గించండి, టీవీ ఆపండి. మిగతా ఫెరెట్‌లని వేరే గదిలోకి పంపండి. కొన్నిసార్లు అవి దగ్గరికొచ్చి మెడ పట్టుకుని లాగుతాయి, అది ఆటనుకుని.

పట్టుకోవద్దు. పట్టుకుంటే ఫిట్స్ ఆగవు. మీరు అదిమిపెట్టినందువల్ల మెదడులో జరిగేది ఆగదు కదా? దానికి దెబ్బ తగులుతుంది, లేదా మీకు తగులుతుంది. ఇక నాలుక. నాలుక మింగేస్తుందేమోనని చెంచా పెట్టేవాళ్ళు, వేలు పెట్టేవాళ్ళు ఉన్నారు. ఏ జంతువూ నాలుక మింగదు. మీ వేలు మాత్రం పోతుంది. ఫెరెట్ దవడ ఎంత గట్టిదో ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పాలా? మామూలుగా ముద్దుగా కొరికితేనే తెలుస్తుంది. ఫిట్స్‌లో దవడ బిగిస్తే అది వదలాలనుకున్నా వదల్లేదు.

ఇప్పుడు తేనె సంగతికి వద్దాం.

ఫెరెట్‌లలో ఫిట్స్‌కి అన్నిటికన్నా ఎక్కువగా కనబడే కారణం రక్తంలో చక్కెర పడిపోవడం. మూడేళ్ళు దాటిన ఫెరెట్ అయితే నేను మొదట అనుమానించేది అదే. కుక్కల్లోలా ఏ కారణమూ తెలియని మూర్ఛరోగం ఫెరెట్‌లలో అరుదు. అందుకే కారణం ఇంకా తెలియకపోయినా, చిగుళ్ళకి కాస్త తీపి రాయడం మంచి పనే. చక్కెర తక్కువై వచ్చిన ఫిట్స్ అయితే అది ప్రాణం నిలబెడుతుంది. కాకపోతే, అంత కొంచెం తీపితో నష్టం లేదు.

ఎలా రాయాలి? తేనె గానీ, కార్న్ సిరప్ గానీ, చిక్కగా కలిపిన చక్కెర నీళ్ళు గానీ. ఒక ఇయర్ బడ్ తీసుకోండి. దాన్ని అందులో ముంచి, పెదవి పక్కనుంచి పైకెత్తి చిగుళ్ళ మీద పల్చగా పూయండి. వేలితో వద్దు, ఇందాకే చెప్పాను. పెద్ద కుదుపులు తగ్గేదాకా ఆగగలిగితే ఆగండి, అప్పుడు రాయడం తేలిక. ఎంత? పెసరగింజంత చొప్పున రెండు మూడు సార్లు. సిరంజితో నోట్లో కొట్టొద్దు. స్పృహలో లేనిదానికి మింగడం చేతకాదు. మీరు పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ తగ్గినా రెండ్రోజులకి న్యుమోనియా పట్టుకుంటుంది. మీరు మంచికే చేశారు, కానీ జరిగింది అది.

ఒక హెచ్చరిక. "షుగర్ ఫ్రీ" అని రాసున్నది ఏదీ వాడకండి. కృత్రిమ తీపితో రక్తంలో చక్కెర పెరగదు. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే ఇంకా ప్రమాదం, అది ఉన్న చక్కెరని కూడా పడగొట్టగలదు. డబ్బా మీద రాసింది ఇవాళే ఇంటికెళ్ళి చూడండి. ఫిట్స్ వచ్చినప్పుడు చదవడం కుదరదు.

చక్కెర వల్లే వచ్చినదైతే కొన్ని నిమిషాల్లో తేడా తెలుస్తుంది. తల ఎత్తుతుంది, పెదవులు నాకుతుంది, అటూ ఇటూ చూస్తుంది. ఇక్కడే చాలామంది హమ్మయ్య అనుకుని ఆపేస్తారు. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా ఈ ఒక్క ముక్క చెప్పడానికి. అక్కడ ఆపొద్దు. తేనె వైద్యం కాదు. తేనె వైద్యం కాదు అని రెండుసార్లు అంటున్నాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. తేనెతో మీకు కాస్త వ్యవధి దొరుకుతుంది, అంతే. ఆ వ్యవధిలో చేయాల్సిన పనులు రెండు. ఒకటి మాంసకృత్తులున్న తిండి పెట్టడం. రెండు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం.

తిండి ఎందుకు? ఇక్కడ లోపల ఏం జరుగుతోందో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

క్లోమంలో, అంటే పాంక్రియాస్‌లో, ఇన్సులిన్ తయారుచేసే కణాలుంటాయి. భోజనం చేశాక రక్తంలో చక్కెర పెరిగితే అవి ఇన్సులిన్ వదులుతాయి, చక్కెర కణాల్లోకి పోతుంది. చక్కెర తగ్గగానే అవి ఆగిపోవాలి. మామూలుగా ఆగిపోతాయి. ఫెరెట్‌లకి నడివయసులో ఆ కణాలకే చిన్న చిన్న కణితులు వస్తాయి. దాన్నే ఇన్సులినోమా అంటాం. ఫెరెట్‌లలో చాలా తరచుగా కనబడే కణితుల్లో ఇదొకటి. ఆ కణితిలోని కణాలు ఎవరి మాటా వినవు. కట్టేసినా కారుతూనే ఉండే కుళాయి అనుకోండి. చక్కెర తక్కువగా ఉన్నా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. శరీరంలో మిగతా భాగాలు కొవ్వుతో కొంతసేపు నెట్టుకొస్తాయి. మెదడు మాత్రం ప్రధానంగా చక్కెర మీదే ఆధారపడింది. దానికి చక్కెర అందకపోతే ముందు మసకబారుతుంది, తరవాత ఫిట్స్.

ఇప్పుడు చెప్పండి. అలాంటి ఫెరెట్‌కి మీరు గబగబా చెంచాడు తేనె నాకించారు. చక్కెర ఒక్కసారిగా పెరిగింది. ఆ కణితి ఏం చేస్తుంది? ... అవును, అదే. ఇంకా ఇన్సులిన్ కుమ్మరిస్తుంది. గంటా గంటన్నరలో చక్కెర మొదటికన్నా కిందికి పోవచ్చు. రెండో ఫిట్స్ మొదటిదానికన్నా గట్టిగా రావచ్చు. అందుకే తీపి పల్చగా, కాస్తే. దాని వెనకే మాంసం. మాంసకృత్తుల నుంచి చక్కెర నెమ్మదిగా తయారవుతుంది కాబట్టి ఆ ఎగుడుదిగుడు ఉండదు.

ఏం పెట్టాలి? దానికి పూర్తిగా స్పృహ వచ్చి, తల నిలబెట్టి, నాలుక మీద పెట్టింది మింగుతోందని నమ్మకం కుదిరాక, రోజూ తినే కిబుల్‌ని, అదే ఎండు గుళికల తిండిని, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేసి పెట్టండి. లేదా మాంసంతో చేసిన బేబీ ఫుడ్. అందులో ఉల్లి, వెల్లుల్లి లేకుండా చూసుకోండి. లేదా మాంసాహార జంతువుల కోసం డాక్టర్లు ఇచ్చే రికవరీ పేస్టు. కొంచెం తిన్నా చాలు. అప్పుడు బయల్దేరండి. తినకపోతే, తినిపించాలని కూర్చోవద్దు, బయల్దేరండి.

ఫిట్స్ తగ్గాక అది కాసేపు అయోమయంగా ఉంటుంది. గోడకి గుద్దుకుంటుంది, మిమ్మల్ని గుర్తుపట్టదు, కొరకొచ్చు. కోపగించుకోవద్దు. కరిస్తే సబ్బుతో బాగా కడుక్కుని మీ డాక్టర్‌కి చూపించుకోండి, ముఖ్యంగా దానికి రేబిస్ టీకా వేయించి లేకపోతే. తీసుకెళ్ళేటప్పుడు చిన్న పెట్టెలో మెత్తగా గుడ్డలు వేసి పెట్టండి. ఒళ్ళు చల్లబడి ఉంటే పల్చటి దుప్పటి కప్పండి. చాలాసేపు ఫిట్స్ వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే కప్పొద్దు. ఒడిలో పెట్టుకుని బండి నడపొద్దు. నవ్వకండి, చేసేవాళ్ళున్నారు.

ఫిట్స్ సంగతి ఇంతే. ఇంకా ముఖ్యమైనది దానికి ముందు వారాల్లో జరిగేది. చాలా ఇళ్ళలో ఆ ఫిట్స్ "ఉన్నట్టుండి" రాలేదు. మనకి ఉన్నట్టుండి అనిపించింది, అంతే. అంతకుముందే అది చెబుతూ వచ్చింది.

నేను అడుగుతాను, మీ ఫెరెట్ గుర్తొస్తే తలూపండి. ఆడుతూ ఆడుతూ ఆగి శూన్యంలోకి చూస్తూ ఉండిపోతుందా? పిలిస్తే కాసేపటికి గానీ ఈ లోకంలోకి రాదా? వెనక కాళ్ళు ఈడుస్తోందా, మెట్టు ఎక్కబోయి జారుతోందా? ముందు కాళ్ళతో నోరు గీరుకుంటోందా, పంట్లో ఏదో ఇరుక్కున్నట్టు? చొంగ కారుస్తోందా, పళ్ళు కొరుకుతోందా? నోరు గీరుకోవడం వికారానికి గుర్తు. చాలామంది పంటి నొప్పి అనుకుని నోరు చూపిస్తారు, పళ్ళు శుభ్రంగా ఉంటాయి. ఇవన్నీ తిన్నాక తగ్గుతాయి, చాలాసేపు తినకుండా ఉంటే పెరుగుతాయి. అదే అసలు ఆనవాలు. "వయసైపోయింది కదా, ఎక్కువ పడుకుంటోంది" అంటారు. నాలుగేళ్ళకే వయసైపోతుందా? వెనక కాళ్ళు బలహీనపడితే అందరికీ వెన్నెముకే గుర్తొస్తుంది. ఫెరెట్‌లలో ముందు చక్కెర చూడాలి.

ఆ... ఇక్కడ ఒకావిడ చెయ్యెత్తారు. అవునండి, మంచి ప్రశ్న. ఫెరెట్‌లు మామూలుగానే శవంలా నిద్రపోతాయి కదా, తేడా ఎలా తెలుస్తుందని అడుగుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఫెరెట్ కూడా ఒక్కోసారి ఎంత కదిపినా లేవదు. ఎత్తితే గుడ్డముక్కలా వేలాడుతుంది. కొత్తగా పెంచుకునేవాళ్ళు ఏడ్చి ఫోన్ చేస్తారు, వాళ్ళు ఫోన్లో ఉండగానే అది ఆవలిస్తుంది. ఆ నిద్రలో ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, చిగుళ్ళు గులాబీ రంగులో ఉంటాయి, ఊపిరి సాఫీగా ఉంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో లేచి మామూలుగా నడుస్తుంది. లేచాక కాస్త వణికినా అది మామూలే. చక్కెర పడిపోయిందైతే చిగుళ్ళు పాలిపోతాయి, ఒళ్ళు చల్లగా ఉండొచ్చు, చొంగ ఉంటుంది, లేచినా కాళ్ళు తడబడతాయి, చూపు నిలవదు. అనుమానం వచ్చిందా? చిగుళ్ళకి ఇయర్ బడ్‌తో కాస్త తీపి పూసి చూడండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇప్పుడు డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది? మొదట ఒక చుక్క రక్తం. ఆరోగ్యంగా ఉన్న ఫెరెట్‌కి కొన్ని గంటలు తినకుండా ఉన్నాక చక్కెర డెసీలీటరుకి సుమారు 90 నుంచి 125 మిల్లీగ్రాములు ఉంటుంది. 70 కన్నా తక్కువుంటే అనుమానం. లక్షణాలు కూడా ఉండి 60 కన్నా కిందికి పోతే ఇన్సులినోమాయే అని దాదాపు చెప్పేయొచ్చు. మధ్యలో ఉంటే మళ్ళీ చేస్తాం, ఒక్కోసారి ఇన్సులిన్ ఎంతుందో కూడా చూస్తాం. పరీక్ష కోసం తిండి ఆపమంటే మూడు నాలుగు గంటలే, అది కూడా కళ్ళ ముందు ఉంచుకుని. రాత్రంతా పస్తు పెట్టి తీసుకురావద్దు. మనుషులకి రక్తపరీక్షకి వెళ్ళినట్టు పరగడుపున తీసుకొస్తే దారిలోనే ఫిట్స్ వస్తాయి. ఫెరెట్ కడుపులో తిండి మూడు నాలుగు గంటల్లో అటునుంచి ఇటు వచ్చేస్తుంది. పేగు అంత పొట్టి.

ఇంట్లో మనుషుల గ్లూకోమీటర్ ఉంది, దాంతో చూసుకోవచ్చా అని అడుగుతారు. ఆ మీటర్లు ఫెరెట్ రక్తానికి నిజం కన్నా తక్కువ చూపిస్తాయి. జంతువుల కోసం చేసినవి కొంత నయం. ఏదైనా, ఆ అంకె చూసి మీరే మందు మార్చకండి.

స్కానింగ్‌లో కణితి కనబడుతుందా? చాలాసార్లు కనబడదు. కొన్ని మిల్లీమీటర్ల గింజలవి. స్కానింగ్ బాగుందంటే జబ్బు లేదని కాదు.

ఫిట్స్ ఆగకుండా వస్తుంటే రక్తనాళంలోకి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఇస్తాం, పల్చన చేసి నెమ్మదిగా. గబగబా ఎందుకు ఎక్కించరు అని మీకు కోపం వస్తుంది. ఇందాక తేనె గురించి చెప్పిన కారణమే. అది చాలకపోతే ఫిట్స్ ఆపే మందు, డయాజెపామ్ లాంటిది.

తరవాత దీర్ఘకాలం నడిపే మందులు. ముందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. అది కణితిని తగ్గించదు, శరీరం చక్కెర తయారుచేసుకునేలా చేస్తుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతాం. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. బాగుంది కదా అని ఆపేసినవాళ్ళు మళ్ళీ అర్ధరాత్రి ఫోన్ చేస్తారు. అది చాలనప్పుడు డయజాక్సైడ్ కలుపుతాం. అది ఇన్సులిన్ విడుదలనే అడ్డుకుంటుంది. కొన్నిటికి దానివల్ల ఆకలి మందగిస్తుంది. ఆపరేషన్ ఇంకో దారి. కనబడిన గింజలు తీసేస్తారు, కొన్నిసార్లు క్లోమంలో కొంత భాగం కూడా. వయసు, గుండె బాగుంటే నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే సాధారణంగా మందులతోనే నడిపినవాటికన్నా అవి ఎక్కువ కాలం బాగుంటాయి. కానీ పూర్తిగా నయమైందని మాత్రం ఎవరూ మాటివ్వలేరు. కంటికి కనబడని గింజలు మిగిలిపోతాయి, మళ్ళీ పెరుగుతాయి. ఒక మంచి సంగతి, కుక్కల్లోలా ఇది ఫెరెట్‌లలో తొందరగా వేరే అవయవాలకి పాకదు.

ఇంట్లో చేయాల్సింది తిండి. మూడు నాలుగు గంటలకోసారి ఏదో ఒకటి కడుపులో పడాలి. గిన్నె ఎప్పుడూ ఖాళీ కాకూడదు. మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. ఎండుద్రాక్ష, అరటిపండు, బిస్కెట్, తీపి పేస్టులు బంద్. అవి ఇష్టంగా తింటుందంటారు. ఇష్టంగానే తింటుంది, అందుకే కదా సమస్య. "రోజూ కొంచెం తేనె పెడితే ఫిట్స్ రావు కదా" అని అడిగేవాళ్ళకి, ఇందాక కుళాయి గురించి చెప్పింది మళ్ళీ చెప్తాను. రోజూ తీపి పెడితే రోజూ ఎగుడుదిగుడే. తేనె సీసా అత్యవసరానికి, అలమారలో ఉండాలి, తిండిగిన్నెలో కాదు.

ఇక చక్కెర కాని కారణాలు త్వరగా చెప్పేస్తాను. చిన్న వయసు ఫెరెట్‌కి ఫిట్స్ వస్తే నేను ఇన్సులినోమా కన్నా ముందు అడిగేది, ఏం తిన్నది? మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఇబుప్రొఫెన్. కేజీ బరువుండే జంతువుకి ఒక్క మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. చాక్లెట్. కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్. ఎలకల మందు. కుక్కల ఒంటి మీద పురుగులకి వేసే చుక్కల మందు. ఇలాంటిది తిన్నదని తెలిస్తే ఆ డబ్బా, ఆ అట్ట మీతో తీసుకురండి. వాంతి చేయించడానికి ప్రయత్నించకండి.

రబ్బరు ముక్క మింగి పేగు అడ్డుపడి, రోజులు తినకపోతే కూడా చక్కెర పడిపోతుంది. వేడి ఇంకోటి. 30 డిగ్రీల సెల్సియస్ దాటిన గదిలో ఫెరెట్‌ని వదిలేస్తే అది చెమటపట్టి చల్లబడలేదు. అప్పుడు మాత్రం చల్లని, మరీ మంచుగా లేని నీటితో పాదాలు, పొట్ట తడుపుతూ తీసుకురావాలి. నీళ్ళు చల్లొద్దన్నానుగా? మామూలు ఫిట్స్‌కి వద్దు. వడదెబ్బకి కావాలి. మూత్రపిండాలు, కాలేయం చెడినా ఫిట్స్ రావచ్చు. తలకి దెబ్బ తగిలినా రావచ్చు. కెనైన్ డిస్టెంపర్ అని, కుక్కలకి వచ్చే వైరస్ జబ్బు ఫెరెట్‌లకీ వస్తుంది, అదైతే గడ్డం కింద దద్దుర్లు, కళ్ళ నిండా పుసి, పాదాలు గట్టిపడటం ముందు వస్తాయి, ఆఖర్న ఫిట్స్. అది ఫెరెట్‌లలో దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. దానికి టీకా ఉంది. వేయించనివాళ్ళుంటే ఈ వారమే వేయించండి.

ప్రశ్నలు

అడగండి. మైకు అవసరం లేదు, వినబడుతోంది.

రాత్రి లేచి తినిపించాలా అంటున్నారు. కొత్తగా జబ్బు తెలిసిన రోజుల్లో, మందు మోతాదు కుదిరేదాకా, అవును. పడుకోబోయే ముందు ఒకసారి గుజ్జు తినిపించండి, మధ్యరాత్రి ఒకసారి చూడండి, తెల్లారగానే మళ్ళీ. తనంతట తాను లేచి తినే ఫెరెట్ అయితే గిన్నె ఊయల పక్కనే, మెట్లు ఎక్కాల్సిన పని లేకుండా పెడితే చాలు. లేచే ఓపిక లేనిదైతే మీరే లేవాలి. ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోండి.

ఆ బాబు అడిగింది, ఒకసారి ఫిట్స్ వచ్చి తేనెతో తగ్గిపోయింది, ఇప్పుడు బాగానే ఆడుకుంటోంది, అయినా చూపించాలా? చూపించాలి బాబూ. ఇవాళే. బాగుందంటే జబ్బు పోయిందని కాదు, ఈ పూటకి చక్కెర సరిపోయిందని. చక్కెర పడిపోవడం మళ్ళీ మళ్ళీ జరిగినా, చాలాసేపు ఉన్నా మెదడుకి కోలుకోలేని నష్టం జరుగుతుంది.

మీరు... ఒక ఫెరెట్‌కి ఇన్సులినోమా ఉంది, దానితోపాటు ఇంకో రెండున్నాయి, వాటికి అంటుకుంటుందా? అంటుకోదు. కానీ ఆ రెండూ కూడా మూడేళ్ళు దాటినవైతే ఏడాదికి రెండుసార్లు చక్కెర చూపించండి. అదే రక్తంతో మిగతావీ చూస్తారు. తోక దగ్గర జుట్టు రాలుతుంటే అదీ చెప్పండి, మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథి జబ్బు కావచ్చు. ఈ రెండూ కలిసి వచ్చిన ఫెరెట్‌లని చాలా చూస్తాం.

ఇంకొక్క ప్రశ్న. ఎప్పటిదాకా వైద్యం చేయించాలి అని. ఇది అడగడానికి మీరు చాలాసేపు ఆలోచించి ఉంటారు. మందులతో నెలలు, కొన్ని ఏడాదికి పైగా హాయిగా ఉంటాయి. ఆడతాయి, సాక్సులు దాస్తాయి, మిమ్మల్ని విసిగిస్తాయి. మందుల మోతాదు పైకి వెళ్ళాక కూడా ఫిట్స్ వారానికి కొన్నిసార్లు వస్తుంటే, రెండు ఫిట్స్ మధ్య కూడా లేచి నడవలేకపోతుంటే, తిండి వద్దంటుంటే, అప్పుడు మీ డాక్టర్‌తో దయామరణం గురించి మాట్లాడండి. మాట్లాడినంత మాత్రాన ఆ రోజే చేయాలని కాదు. కానీ అర్ధరాత్రి ఫిట్స్ మధ్యలో మొదటిసారి ఆలోచించాల్సిన విషయం కాదది. ఒక నోటు పుస్తకం పెట్టి తిన్న వేళ, మందు వేళ, ఫిట్స్ వచ్చిన తేదీ, ఎంతసేపు వచ్చిందో రాస్తూ ఉండండి. ఆ పుస్తకం చూస్తూ మాట్లాడితే ఆ మాట కాస్త తేలికవుతుంది, మీకూ, మాకూ.

టీ వచ్చినట్టుంది. మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి.